స్టాటిన్ వాడుతూ నెల తప్పితే: బిడ్డ కండరాలు, నరాల మాట

కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు ఒకప్పుడు యాభై దాటినవాళ్ళ మందుల డబ్బాల్లోనే ఉండేవి. ఇప్పుడు ముప్పై, ముప్పై రెండేళ్ళ ఆడపిల్లల చీటీల్లోనూ అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పేర్లు తరచుగా చూస్తున్నాను. చిన్న వయసులోనే షుగరు రావడం, ఉద్యోగమిచ్చిన సంస్థలు ఏటా చేయించే రక్తపరీక్షల్లో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలడం ఒకవైపు, చదువులూ ఉద్యోగాలూ కుదుటపడి తొలి కాన్పు ముప్పై దాటాక జరగడం మరోవైపు. ఈ రెండూ కలిసిన చోట, రోజూ రాత్రి స్టాటిన్ మాత్ర వేసుకుంటున్న అమ్మాయి ఒకనాడు తాను గర్భవతినని తెలుసుకుంటుంది. ఆ క్షణాన ఆ ఇంట్లో పుట్టే భయంలో నిజమెంతో, నిజం కానిదెంతో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. నేను వైద్యురాలిని కాను, ఆసుపత్రి ఫార్మసీలో పని చేసే ఫార్మసిస్టును. మందు పనితీరు తెలిసిన మనిషిగా చెప్పగలిగింది ఇక్కడ చెబుతాను. చీటీ మార్చవలసింది మాత్రం మీ డాక్టరే.

ఈ ఆలోచనకు కారణం మా పెద్దాడపడుచు కూతురు. షుగరుకు మెట్‌ఫార్మిన్‌తో పాటు 10 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్ కూడా వేసుకుంటూ ఉండేది. పరీక్షలో రెండు గీతలు కనిపించిన రాత్రి నాకు ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నెల తప్పింది. కానీ ఆ కొలెస్ట్రాల్ మాత్ర నిన్నటిదాకా వేసుకుంటూనే ఉన్నాను. బిడ్డకు కాళ్ళూ చేతులూ సరిగా రావనీ, నరాల జబ్బు వస్తుందనీ ఎక్కడో చదివారట. తీయించుకోవడమే మంచిదంటున్నారు."

"ఎవరమ్మా అంటున్నది?"

"అందరూ."

"సరే, ముందు ఆ మాత్ర ఆపెయ్యి. షుగరు మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు. ఇంకే నిర్ణయమూ ఈ రాత్రి వద్దు తల్లీ. పొద్దున్నే చీటీలన్నీ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళు."

ఆ రాత్రి ఆమెకు ఫోన్‌లో చెప్పలేకపోయిన వివరమే ఈ వ్యాసం. నా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పేస్తాను. గర్భం అని తెలియగానే స్టాటిన్ ఆపడానికి గట్టి కారణం ఉంది. కానీ తెలియక తొలి వారాల్లో వేసుకున్న స్టాటిన్, అది ఒక్కటే, గర్భం తీయించుకోవడానికి కారణం కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం చాలామందికి వింతగా తోస్తుంది. మందు శరీరంలో ఏం చేస్తుందో తెలిస్తే ఆ వింత పోతుంది.

స్టాటిన్లను కనిపెట్టింది జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో. సాంక్యో అనే మందుల కంపెనీలో పని చేస్తూ, వేల రకాల బూజులను పరీక్షించి, 1970లలో ఒక పెనిసిలియం బూజు నుంచి తొలి స్టాటిన్‌ను వేరు చేశారు. అమెరికాలో తొలిసారి అనుమతి పొందిన స్టాటిన్ లోవాస్టాటిన్, 1987లో. ఈ మందులన్నీ హెచ్‌ఎంజి కోఏ రిడక్టేజ్ అనే ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి ఆ ఎంజైమే కీలకం. అక్కడ తయారీ తగ్గితే కాలేయం తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను రక్తంలో నుంచి లాక్కుంటుంది, దాంతో రక్తంలోని చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గుండెపోటు ముప్పు ఉన్నవారికి ఈ మందులు చేసిన మేలు అపారం, అందులో సందేహం లేదు.

అయితే ఆ ఎంజైము తయారు చేసేది నేరుగా కొలెస్ట్రాల్‌ను కాదు, మెవలోనేట్ అనే పదార్థాన్ని. దాని నుంచి కొలెస్ట్రాల్ ఒక్కటే కాదు, కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాకు కావలసిన కోఎంజైమ్ క్యూ10, ప్రొటీన్లకు చక్కెర గొలుసులను అతికించడానికి అవసరమైన డోలికాల్, కణం లోపలి సంకేతాలను మోసే ప్రొటీన్లకు తోకలా తగిలించే జెరానైల్‌జెరానైల్ వంటి కొవ్వు తునకలు కూడా వస్తాయి. ఎగువన ప్రధాన కాలువ మీద తూము బిగిస్తే దిగువనున్న పిల్లకాలువలన్నిటికీ నీరు తగ్గినట్టు, ఈ ఎంజైమును అడ్డుకుంటే వీటన్నిటి సరఫరా కొంత తగ్గుతుంది. పెద్దవాళ్ళ శరీరంలో ఈ తగ్గుదల చాలామందికి తెలియను కూడా తెలియదు. పిండం సంగతి వేరు. అక్కడ ప్రతి కణమూ కొత్తగా పుడుతోంది, ప్రతి కణపు పొరకూ కొలెస్ట్రాల్ కావాలి.

కొలెస్ట్రాల్‌కు పిండంలో ఇంకో పని కూడా ఉంది. ఏ కణం ఎక్కడ ఏ అవయవంగా మారాలో చెప్పే సంకేత ప్రొటీన్లలో సోనిక్ హెడ్జ్‌హాగ్ ఒకటి. మెదడు ముందు భాగం కుడి ఎడమలుగా విడివడడం, వెన్నుపాములో నాడీకణాలు తమ తమ స్థానాల్లో ఏర్పడడం, చేతివేళ్ళు వరుస ప్రకారం రావడం దీని అదుపులోనే జరుగుతాయి. ఈ ప్రొటీన్ సరిగా పని చేయాలంటే దానికి ఒక కొలెస్ట్రాల్ అణువు అతుక్కోవాలి. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ తయారీ ఆఖరి మెట్టులో లోపం ఉన్న పిల్లల్లో ఏమవుతుందో 1964లో వర్ణించిన స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ సిండ్రోమ్ చూపిస్తుంది. ఆ పిల్లల్లో కాలి రెండో వేలూ మూడో వేలూ అతుక్కుని ఉండడం, కండరాలు బిగువు లేకుండా మెత్తగా ఉండడం, తల చిన్నదిగా ఉండడం, మానసిక ఎదుగుదల మందగించడం కనిపిస్తాయి. కండరాలు, నరాలు రెండూ దెబ్బతినే ఈ జబ్బును చూసే, గర్భిణులు స్టాటిన్ వాడితే ఇలాంటిదే జరుగుతుందేమోనని శాస్త్రవేత్తలు అనుమానించారు. అది అర్థం లేని అనుమానం కాదు. కానీ తేడా కూడా గట్టిదే. ఆ పిల్లల్లో లోపం గర్భంలో పడిన నాటి నుంచీ, ప్రతి కణంలోనూ ఉంటుంది. తల్లి వేసుకున్న 10 మిల్లీగ్రాముల మాత్రలో అధిక భాగాన్ని ఆమె కాలేయమే పట్టుకుంటుంది, మావి దాటి వెళ్ళేది అందులో కొద్ది పాలు, అదీ కొన్ని వారాలు మాత్రమే.

కండరాల విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన పరిశోధన జీబ్రా చేపల మీద జరిగింది. ఈ చేప పిల్లలు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి, పిండ దశలోనే వాటి కండరపు పోగులు ఎలా అమరుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. 2007లో అమెరికా పరిశోధకులు ఆ పిండాలకు లోవాస్టాటిన్ ఇచ్చినప్పుడు, వరుసగా, తిన్నగా ఉండవలసిన పోగులు వంకర తిరిగి, సన్నబడి, కొన్నిచోట్ల తెగిపోయాయి. కండరాన్ని కరిగించే పనిలో పాలుపంచుకునే అట్రోజిన్-1 అనే జన్యువు చురుకు కావడమే ఇందుకు కారణమని తేల్చారు. ఆ జన్యువు పని చేయకుండా చేసిన పిండాల్లో నష్టం బాగా తగ్గింది. స్టాటిన్ వల్ల కండరాల బాధ పడిన మనుషుల కండరపు ముక్కల్లో కూడా అదే జన్యువు ఎక్కువగా పని చేస్తున్నట్టు చూశారు. రెండేళ్ళ తర్వాత వచ్చిన మరో పరిశోధనలో, స్టాటిన్‌తో పాటు, పైన చెప్పిన కొవ్వు తునకల లోటు తీర్చే జెరానైల్‌జెరానియాల్ అందించినప్పుడు ఆ నష్టాన్ని అరికట్టగలిగారు. అంటే కండరానికి దెబ్బ కొలెస్ట్రాల్ లోటు వల్ల కాక, పక్కనున్న పిల్లకాలువ ఎండడం వల్ల తగులుతోందన్నమాట. మందును నేరుగా నీటిలో కలిపి పెంచిన చేపపిండానికీ, కాలేయం, మావి అనే రెండు అడ్డుగోడల వెనుక పెరిగే మనిషి బిడ్డకూ పోలిక పెట్టేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు. అయినా ఎదుగుతున్న కండరం ఈ మందుకు స్పందిస్తుందని కళ్ళారా చూపించిన పరిశోధన అది.

ఇక నరాలు. విద్యుత్ తీగకు తొడుగు ఉన్నట్టే నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొరలు ఉంటాయని పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. ఆ పొరల్లో నీటిని మినహాయిస్తే అత్యధిక భాగం కొవ్వులే, అందులో కొలెస్ట్రాల్‌ది పెద్ద వాటా. మెదడు బరువు శరీరం బరువులో రెండు శాతమే అయినా, ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అక్కడే ఉంటుంది. రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి దాదాపు చొరబడదు కాబట్టి, మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది. గర్భస్థ శిశువు నరాలకు మైలిన్ తొడుగు పడడం నాలుగు, ఐదు నెలల ప్రాంతంలో మొదలై, పుట్టిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగుతుంది. ఈ కాలక్రమాన్ని గమనిస్తే ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. నెల తప్పిన కొత్తలో పొరపాటున వేసుకున్న మాత్ర వేరు, గర్భం పొడుగునా వాడడం వేరు. మొదటి దానికి నరాల తొడుగుతో పెద్దగా సంబంధం ఉండదు, ఎందుకంటే తొడుగు పని అప్పటికి మొదలే కాలేదు. గర్భం పొడుగునా వాడితే మాత్రం ఆ ప్రశ్న న్యాయంగానే తలెత్తుతుంది. కాబట్టి "ఎలాగూ మొదటి మూడు నెలలు దాటిపోయాయి కదా, ఇక వాడితే ఏం" అనే మాట ఈ మందు విషయంలో చెల్లదు.

మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీనాళం మూసుకోవడం, చేతులూ కాళ్ళూ మొగ్గ తొడగడం మాత్రం చాలా ముందే, ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తే ఆరో వారం ప్రాంతంలోనే జరుగుతాయి. అంటే చాలామందికి గర్భం అని తెలిసే వేళకు ఆ పని పూర్తయిపోతోంది, లేదా పూర్తయిపోయింది. ఆపవలసింది తెలిసిన తర్వాత కాదు, ప్రయత్నించడానికి ముందే అనడానికి ఇదే ఆధారం.

మరి మనుషుల్లో చూసినది ఏమిటి? ఈ భయానికి పునాది వేసింది 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న నివేదిక. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పని చేసిన ఎడిసన్, ముయెన్కే అనే ఇద్దరు వైద్యులు, గర్భం తొలి మాసాల్లో స్టాటిన్ వాడిన తల్లుల గురించి ఔషధ నియంత్రణ సంస్థకు అందిన ఫిర్యాదులను పరిశీలించారు. వాటిలో కొందరు బిడ్డలకు మెదడు ముందు భాగం విడివడకపోవడం వంటి తీవ్రమైన లోపాలు, కొందరికి ఒక పక్క చెయ్యి లేదా కాలు సరిగా ఏర్పడకపోవడం కనిపించాయి. ఆ లోపాలన్నీ కొవ్వులో కరిగే రకం స్టాటిన్లతోనే నమోదయ్యాయి, నీటిలో కరిగే ప్రావాస్టాటిన్‌తో ఒక్కటీ లేదు. సోనిక్ హెడ్జ్‌హాగ్ సిద్ధాంతానికి ఇది అచ్చంగా సరిపోయినట్టు కనిపించడంతో ఆ నివేదిక చాలామంది మనసుల్లో నాటుకుపోయింది. కానీ ఫిర్యాదులు ఎలా వస్తాయో ఆలోచించండి. బిడ్డకు లోపం ఉంటే తల్లీ, డాక్టరూ రాస్తారు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ గురించి ఎవరూ రాయరు. ఎంతమంది వాడితే ఎంతమందికి లోపం వచ్చిందనే లెక్క ఫిర్యాదుల్లో నుంచి రాదు. ఆ సంగతి ఆ నివేదికను చేతిలో పట్టుకుని భయపెట్టేవాళ్ళు చెప్పరు.

అసలు లెక్క 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అమెరికాలో పేదలకు వైద్య ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం కింద నమోదైన 8,86,996 గర్భాలను తీసుకుని, మొదటి మూడు నెలల్లో స్టాటిన్ వాడిన 1,152 మందిని మిగతావారితో పోల్చారు. పైపైన చూస్తే వాడినవారి బిడ్డల్లో పుట్టుక లోపాలు 6.34 శాతం, వాడనివారి బిడ్డల్లో 3.55 శాతం. ఈ రెండు అంకెలు మాత్రమే చూసినవాళ్ళు గుండెలు బాదుకుంటారు. అయితే స్టాటిన్ వాడే గర్భిణుల్లో ఎక్కువ మందికి ముందే షుగరు ఉంటుంది. అదుపులో లేని షుగరు బిడ్డ గుండెకూ వెన్నుపాముకూ చేసే హాని మనకు బాగా తెలిసినదే. షుగరు, వయసు, బరువు, ఇతర మందులు వంటివాటిని లెక్కలోకి తీసుకుని సరిచేసి చూస్తే, ఆ తేడా దాదాపు మాయమైంది. రెండు వర్గాల నిష్పత్తి 1.79 నుంచి 1.07కి దిగింది. నాడీనాళ లోపాలు, చేతులూ కాళ్ళ లోపాలు విడివిడిగా చూసినా స్పష్టమైన పెరుగుదల కనిపించలేదు. మా ఆడపడుచు కూతురికి నేను చెప్పిన మాట కూడా ఇదే: నీ బిడ్డ విషయంలో ఆ మాత్ర కంటే, మూడు నెలల సగటు షుగరును చూపే నీ హెచ్‌బిఎ1సి అంకె మీద శ్రద్ధ పెట్టు. అలాంటి చీటీలోనే రక్తపోటుకు టెల్మిసార్టాన్ ఉంటే, గర్భంలో దాని హాని స్టాటిన్ కంటే ఎంతో స్పష్టంగా రుజువైనది కాబట్టి దాన్ని ఇంకా తొందరగా మార్పించుకోవాలి.

ఈ ఆధారాలన్నీ చూసే 2021 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గర్భిణులు స్టాటిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదనే తీవ్రమైన హెచ్చరికను మందు పత్రాల నుంచి తీసివేయమని కంపెనీలను కోరింది. దీన్ని కొందరు "ఇక గర్భంలో వాడవచ్చు" అని చదువుకున్నారు. ఆ ప్రకటన అలా చెప్పలేదు. చాలామంది గర్భం అని తెలియగానే ఆపాలనే చెప్పింది. హెచ్చరిక తీసివేయడానికి రెండు కారణాలు. తెలియక వాడినవారు అనవసరంగా భయపడకూడదన్నది ఒకటి. గుండెపోటో పక్షవాతమో ఇదివరకే వచ్చినవారు, పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్నవారు వంటి కొద్దిమందికి డాక్టరుతో కలిసి ఆలోచించుకునే వీలుండాలన్నది రెండోది. మన దగ్గర అమ్మే అట్టల్లో, లోపలి కాగితాల్లో పాత హెచ్చరిక ఇంకా కనబడితే, అది చూసి గర్భం తీయించుకునే నిర్ణయానికి రావద్దని చెప్పడానికే ఇంత వివరం రాశాను.

పైన చెప్పిన పెద్ద అధ్యయనం లెక్కించింది అవయవ నిర్మాణ లోపాలను. కండరాల బలం, నరాల చురుకుదనం కంటికి కనిపించే నిర్మాణాలు కావు. 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో వెన్నెముక, మెదడు గదులు, చేతులూ కాళ్ళ ఎముకలు కనిపిస్తాయి, బిడ్డ కదలికలు తెలుస్తాయి, అంతే. కండరాల బిగువును చూసేది పుట్టిన తర్వాత పిల్లల డాక్టరు. చేతులు పట్టుకుని కూర్చోబెట్టబోతే తల ఎంత వెనక్కి వాలుతోంది, పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తితే ఒళ్ళు ఎలా వేలాడుతోంది, చప్పుడుకి ఉలిక్కిపడి చేతులు చాస్తోందా, అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటోందా అని చూస్తారు. గర్భంలో స్టాటిన్ వాడినట్టయితే ఆ మాట పిల్లల డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. దాచవలసిన విషయం కాదు. ఈ పరీక్షను వాళ్ళు ఇంకొంత ఓపికగా చేస్తారు.

బిడ్డ సంగతి ఇలా ఉండగా, తల్లి కండరాలు, నరాల గురించి కూడా మాట్లాడుకోవాలి. స్టాటిన్ పేరు చెబితే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది ఒళ్ళునొప్పులు. 2022లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ, మందు లేని ఉత్తుత్తి మాత్రలతో పోల్చిన 19 పెద్ద ప్రయోగాలను కలిపి చూసింది. స్టాటిన్ వేసుకున్నవారిలో 27.1 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 26.6 శాతం మంది కండరాల నొప్పి ఉందన్నారు. అంటే స్టాటిన్ వాడేవాళ్ళ నొప్పుల్లో పదింట తొమ్మిదికి పైగా స్టాటిన్ వల్ల వచ్చినవి కావు. ఆ ప్రయోగాల్లో గర్భిణులు లేరు. గర్భిణికి ఒళ్ళునొప్పులకు కారణాలు ఇంకా ఎక్కువ కాబట్టి, నింద మాత్ర మీదికి నెట్టడం ఇంకా తేలిక.

రాత్రిపూట పిక్కలు పట్టేయడం గర్భిణుల్లో సర్వసాధారణం. ఏడో నెల దాటాక మణికట్టు దగ్గర నీరు చేరి నరం నొక్కుకుపోవడంతో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, తెల్లవారుజామున చెయ్యి విదిలిస్తే గానీ తగ్గని బాధ చాలామందికి వస్తుంది. పొట్ట పెరిగి గజ్జల దగ్గర నరం ఒత్తుకుంటే తొడ బయటి పక్క మంటగా, మొద్దుగా అనిపిస్తుంది. ఇవేవీ స్టాటిన్ పనులు కావు, కాన్పు తర్వాత చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో విటమిన్ బి12 తగ్గుతుంది, శాకాహారులైతే మరీ ఎక్కువగా. దాని వల్ల అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. షుగరు తానుగా కూడా అదే పని చేస్తుంది. స్టాటిన్ల వల్ల నరాలు దెబ్బతింటాయా అన్న ప్రశ్నను 2002లో డెన్మార్క్ పరిశోధన ఒకటి గట్టిగా లేవనెత్తింది, తర్వాత వచ్చినవన్నీ దానితో ఏకీభవించలేదు. అందుకే అరికాళ్ళ తిమ్మిరి ఉన్న గర్భిణికి బి12, షుగరు చూడకుండా మాత్రను నిందించడం తొందరపాటు అంటాను.

అన్నిటికంటే తరచుగా జారిపోయేది థైరాయిడ్. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండరాలు నొప్పులు పెడతాయి, రక్తంలో సీకే అనే కండరపు ఎంజైము పెరుగుతుంది, పైగా స్టాటిన్ వల్ల కండరాలు దెబ్బతినే ముప్పు కూడా ఎక్కువవుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయకుండా కొలెస్ట్రాల్ అంకె ఒక్కటే చూసి స్టాటిన్ మొదలుపెట్టిన చీటీలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ అమ్మాయికి కావలసింది బహుశా థైరాక్సిన్ మాత్ర మాత్రమే. అదే ఆమెకు గర్భంలో బిడ్డ మెదడు ఎదుగుదలకూ అవసరం.

స్టాటిన్ వల్ల నిజంగా కండరం దెబ్బతింటే దాని తీరు వేరుగా ఉంటుంది. నొప్పి రెండు పక్కలా, తొడలూ తుంట్లూ భుజాల వంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. నొప్పి కంటే బలహీనత ముఖ్యమైన గుర్తు: కింద కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, పైఅరలోని డబ్బా అందుకోలేకపోవడం, జడ వేసుకుంటుంటే సగంలోనే చేతులు వాలిపోవడం. వీటికి తోడు మూత్రం డికాషన్ రంగులోకి మారితే, కండరం కరిగి మూత్రపిండాలను ఇబ్బంది పెడుతోందని అర్థం. గర్భిణి అయినా కాకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది లక్ష మందిలో ఏ కొద్దిమందికో వచ్చే ప్రమాదం. 2001లో సెరివాస్టాటిన్‌ను ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది దీని వల్లనే. అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు తోడైతే ఈ ముప్పు పెరుగుతుంది. గొంతునొప్పి అని చెప్పి షాపులో మందు అడిగి తీసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

గర్భంలో కొలెస్ట్రాల్ సహజంగానే పెరుగుతుందన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆఖరి నెలలకు మొత్తం కొలెస్ట్రాల్ పావు వంతు నుంచి సగం దాకా, ట్రైగ్లిజరైడ్లు రెండు మూడింతలు పెరగడం మామూలే. బిడ్డకు, మావి తయారు చేసే హార్మోన్లకు కావలసిన ముడిసరుకు అది. ఏదో ప్యాకేజీలో లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని 270 అని చూసి కంగారుపడే గర్భిణికి సాధారణంగా మందు అక్కరలేదు. గుండె రక్తనాళాల్లో పూడిక ఏళ్ళ తరబడి పేరుకునేది. తొమ్మిది నెలలు, పాలిచ్చే కాలం కలిపి స్టాటిన్ ఆపినంత మాత్రాన చాలామందికి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.

ఈ మాట వర్తించనివాళ్ళు కొందరున్నారు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే జబ్బు ఒక జన్యువు లోపంతో సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపపు జన్యువు వస్తే చెడు కొలెస్ట్రాల్ 500 దాటవచ్చు, యుక్తవయసులోనే గుండెపోటు రావచ్చు. మేనమామను, మేనబావను చేసుకునే ఆచారం ఉన్న మన కుటుంబాల్లో ఆ రెండో రకం పుట్టే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఎవరైనా నలభై లోపు గుండెపోటుతో పోయి ఉంటే, మడమ వెనుక స్నాయువు లావెక్కి గడ్డలా ఉంటే, మేనరికం కుదుర్చుకునే ముందే ఇద్దరికీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించడం నాకు జాతకాలు చూడడం కంటే ఎన్నో రెట్లు అవసరమైన పనిగా కనిపిస్తుంది. ఇలాంటి స్త్రీలు గర్భవతులైతే గుండె డాక్టరు, ప్రసూతి డాక్టరు కలిసి చూడాలి. రక్తంలోకి చేరకుండా పేగుల్లోనే పని చేసే కొలెస్టిరమిన్ పొడి వాళ్ళకు ఒక దారి. మలబద్ధకం పెంచుతుంది, పైగా ఫోలిక్ ఆమ్లాన్ని, థైరాక్సిన్‌ను కూడా పేగుల్లోనే పట్టేసుకుంటుంది. కాబట్టి ఆ మాత్రలు దీనికి గంట ముందు గానీ, నాలుగైదు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. మరీ తీవ్రమైన వారికి రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను యంత్రం ద్వారా వడకట్టే చికిత్స ఉంది, ప్రావాస్టాటిన్ వంటి నీటిలో కరిగే స్టాటిన్‌ను కొనసాగించే ఆలోచన కూడా చేస్తారు. ఆ ప్రావాస్టాటిన్‌నే గర్భంలో వచ్చే బీపీ జబ్బును ఆపగలదేమోనని ప్రయోగించి చూశారు. 1,120 మంది గర్భిణులకు 35 వారాలు దాటాక 20 మిల్లీగ్రాములు లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చేసిన ప్రయోగం ఫలితం 2021లో వచ్చింది. ఆ జబ్బు తగ్గలేదు.

మిగిలిన అందరి విషయంలోనూ అసలు సంభాషణ జరగవలసింది గర్భం వచ్చాక కాదు, స్టాటిన్ మొదటిసారి చీటీ మీద రాసిన రోజే. "పిల్లల ఆలోచన ఉందా? ఉంటే ఎప్పుడు?" అని డాక్టరు అడగాలి. అడగకపోతే అమ్మాయే చెప్పాలి. అమెరికా గుండె వైద్యుల 2018 మార్గదర్శకాలు గర్భానికి ప్రయత్నించే ముందు ఒకటి రెండు నెలలు, బ్రిటన్ మార్గదర్శకాలు మూడు నెలలు ముందుగా ఆపమంటాయి. ఆపిన కొద్ది రోజుల్లోనే మందు ఒంట్లోంచి పోతుంది. ఆ మధ్య కాలంలో షుగరు, థైరాయిడ్ అదుపులోకి తెచ్చుకుని, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. షుగరు ఉన్నవారికి దాని మోతాదు ఎక్కువ ఉంటుంది. కొత్తగా పెళ్ళైన కోడలు అత్తగారి ముందు ఈ మాట ఎత్తలేకపోతే, మందులిచ్చే మా లాంటి వాళ్ళం పక్కకు పిలిచి అడగాలి. నేను అడుగుతున్నాను, ఎవరూ ఇంతవరకు నొచ్చుకోలేదు.

కాన్పు అయ్యాక చూసుకోవలసింది డిశ్చార్జి కాగితం. "పాత మందులు కొనసాగించండి" అనే ఒక్క వాక్యంతో స్టాటిన్ మళ్ళీ చేరిపోతుంది. పాలిచ్చే కాలంలో స్టాటిన్ వాడకూడదనే సలహా ఇప్పటికీ మారలేదు. బిడ్డ మెదడుకూ నరాలకూ తొడుగు పడుతున్నది సరిగ్గా ఆ నెలల్లోనే. గుండె ముప్పు లేని బాలింత పాలు మాన్పించే దాకా మాత్ర ఆపి ఉంచవచ్చు, తర్వాత లిపిడ్ పరీక్ష, దానితో పాటే థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, అప్పటి అంకెను బట్టి మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరును అడగవచ్చు. గుండె ముప్పు ఎక్కువగా ఉండి మాత్ర వెంటనే కావలసిన తల్లికి మాత్రం, పాలడబ్బా వాడమని చెప్పడానికి ఎవరూ జంకకూడదు, ఆమె కూడా నొచ్చుకోకూడదు.